టైటిల్ కోసం వదిలిన ఖాళీ

2003 శరత్కాలం. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, లారెన్స్ పట్టణం. 'లారెన్స్ జర్నల్-వరల్డ్' దినపత్రిక వెబ్ విభాగంలో ఇద్దరు ప్రోగ్రామర్లు: ఏడ్రియన్ హొలొవాటీ, ఇంగ్లండ్ నుంచి వచ్చిన విద్యార్థి సైమన్ విల్లిసన్. పత్రికాఫీసు గడువులు రోజుల్లో ఉంటాయి, ఒక్కోసారి గంటల్లోనే. అప్పటిదాకా పీహెచ్‌పీలో సైట్లు కట్టిన ఆ ఇద్దరూ దాన్ని పక్కనపెట్టి పైథాన్ అందుకున్నారు.

ఆనాటి పీహెచ్‌పీ సైట్లలో తరచూ జరిగేది ఇది. పాఠకుడు ఓ వార్త మీద నొక్కుతాడు. సర్వర్లో ఫైలు మొదటి వరుస నుంచి నడుస్తుంది. ఆ మొదటి వరుసే హెడర్ ఫైలును పిలుస్తుంది. లోగో, మెనూ, వాటికంటే ముందు ట్యాబ్ మీద కనిపించే టైటిల్, అన్నీ అందులోనే. టైటిల్ బ్రౌజర్‌కి వెళ్లిపోయాక గానీ, అడిగిన వార్త ఏదో తెలుసుకోవడానికి కోడ్ డేటాబేస్ దగ్గరికి పోదు. ఇక ఆ టైటిల్లో పత్రిక పేరు తప్ప ఏముంటుంది? అగ్నిప్రమాదానికీ అదే, బాస్కెట్‌బాల్ స్కోరుకీ అదే. పది ట్యాబులు తెరిస్తే పదింటి మీదా ఒకటే పేరు.

లారెన్స్‌లో రూపుదిద్దుకున్న టెంప్లేట్ పద్ధతి ఈ వరుసను తిరగేసింది. ప్రెస్సువాళ్లు శుభలేఖ నమూనా అచ్చువేసి వధూవరుల పేర్లకు చోటు వదిలినట్టు, బేస్ టెంప్లేట్ టైటిల్ దగ్గర ఓ ఖాళీ వదులుతుంది. దాని పేరు బ్లాక్. వార్త టెంప్లేట్ తాను ఏ బేస్‌కు వారసుడో మొదటే చెప్పి, ఆ ఖాళీలో వార్త హెడ్డింగ్ పెడుతుంది. పెట్టకపోతే బేస్‌లోని మాటే నిలుస్తుంది. పేజీలో ఏముందో తెలిసిన చోటే పేరు పుడుతుంది. నాకు ఇందులో నచ్చేది ఈ న్యాయమే.

ఇందులోనూ ఒక చిక్కుంది. ఒకే టెంప్లేట్‌లో ఒకే పేరుతో రెండు బ్లాకులు కుదరవు. కనుక ట్యాబ్ మీది పేరునే పేజీ పైభాగాన పెద్దక్షరాల్లోనూ చూపాలంటే దాన్ని వేరియబుల్‌గా పంపాలి, లేదా వేరే పేరుతో మరో బ్లాకు పెట్టాలి.

2005 జూలైలో ఈ కోడ్ 'జంగో' పేరుతో అందరి చేతికీ వచ్చింది. జాజ్ గిటారిస్టు జంగో రైన్‌హార్ట్ పేరది. అప్పటికింకా ఒక ప్రమాదం పొంచే ఉంది. వెతికిన మాటను టైటిల్లో చూపే పేజీలో ఎవరైనా టైటిల్ ముగింపు ట్యాగు, దాని వెంట ఓ స్క్రిప్టు ఇరికించిన లింకు పంపితే, ప్రోగ్రామర్ జాగ్రత్తపడని చోట ఆ స్క్రిప్టు లింకు నొక్కిన పాఠకుడి బ్రౌజర్లో నడిచిపోయేది. 2008 సెప్టెంబర్ నాటి జంగో 1.0లో టెంప్లేట్లు ట్యాగు గుర్తులను వాటంతటవే నిర్వీర్యం చేయసాగాయి.

అదే ఏడాది డిసెంబర్‌లో వచ్చిన వెబ్ అందుబాటు మార్గదర్శకాలు 2.0, పేజీ విషయాన్ని చెప్పే టైటిల్‌ను కనీస స్థాయి నియమంగా పెట్టాయి. ఎంతో సబబు. చూపులేని పాఠకురాలికి స్క్రీన్ రీడర్ సాధారణంగా మొదట వినిపించేది టైటిలే. పదిసార్లు పత్రిక పేరే వినిపిస్తే ఆమె దారి వెతుక్కునేదెలా? అందుకే వార్త పేరు ముందు, పత్రిక పేరు తర్వాత రావాలి.

ఇప్పుడు ఒకే పేజీలో నడిచే అప్లికేషన్లు వచ్చాయి. లింకు నొక్కినా సర్వర్ కొత్త పేజీ పంపదు, జావాస్క్రిప్టే తెర మారుస్తుంది. టైటిల్ మార్చే వరుస రాయడం మరిచిపోతే, వార్త మారినా ఆ పాఠకురాలికి పాత పేరే వినిపిస్తుంది.