పాటకచ్చేరిలో వెనక వరస

చిట్టమూరులో పొద్దుగూకింది. తిరణాల పందిరి పక్కన మీరు నిలబడి ఉన్నారు. రొయ్యల గుంటల మీదుగా తూర్పు గాలి వస్తోంది. చేయి తడుముకుంటే ఉప్పు జిగట. ఆ జిగట మీకు చల్లగా హాయిగా ఉంటుంది గానీ స్టేజీ మీద తబలా అతనికి అదే శత్రువు. తేమకు చర్మం సడలి శ్రుతి దిగిపోతుంది. చిన్న సుత్తితో తబలా చుట్టూ ఉన్న చెక్కముక్కల మీద ఒక్కో దెబ్బ వేస్తాడు, చెవి వంచి వింటాడు, మళ్లీ వేస్తాడు. కీబోర్డు అతను అదే స్వరం నొక్కి పట్టుకుని ఓపిగ్గా ఎదురు చూస్తున్నాడు. ముందు వరసలో చాపలు పరుచుకున్న ఆడవాళ్లు ఇవేవీ గమనించడం లేదు. గాయకుడు ఇంకా రాలేదు కదా!

కొంచెం దగ్గరికి వెళ్లండి. కీబోర్డు మీద ఒక లాంగ్‌ నోట్‌బుక్కు తెరిచి ఉంది. పాట పల్లవి మొదటి మాట, పక్కన సీ షార్ప్, దాని కింద ఎర్ర సిరాతో బీజీఎం ఎక్కడ ఎత్తుకోవాలో గుర్తులు. మధ్యలో ఒక పేజీ తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి. ఆ పాట అతనికి చూడకుండానే వచ్చు.

జనరేటర్ అందుకుంది. గాయకుడు వచ్చాడు, దేవుడి పాట ఒకటి పాడాడు, అంతే, పాటలు అడుగుతూ చిట్టీలు మొదలయ్యాయి. "బాలు పాట ఎయ్యి అబ్బయా!" అని వెనక నుంచి ఎవరో కేక.

బాలు పాట అడగడానికి ఈ గడ్డకు హక్కుంది. నెల్లూరు హరికథకులు సాంబమూర్తి గారి అబ్బాయి ఆయన. ఇక్కడికి దగ్గర్లోని గూడూరులోనే, అరవయ్యో దశకం మొదట్లో, ఒక పాటల పోటీలో ఆయనకు రెండో బహుమతి ఇచ్చారు. అతిథిగా వచ్చిన ఎస్. జానకి, మొదటి బహుమతి ఈ అబ్బాయిది అన్నారు. సినిమాల్లో ప్రయత్నించమని ఆయనకు చెప్పారు. 1966 డిసెంబరు 15న, కోదండపాణి సంగీతంలో, 'శ్రీ శ్రీ శ్రీ మర్యాద రామన్న' కోసం బాలు తొలి సినిమా పాట రికార్డయింది. ఆ కథ అందరికీ తెలుసు.

నాకు ఇంకా ఇష్టమైన కథ ఆ రోజుల్లో మద్రాసులో ఆయన నడిపిన చిన్న ట్రూపుది. అదీ ఇలాంటి పాటకచ్చేరి ట్రూపే. హార్మోనియం అనిరుత్త. గిటారు మీద ఇళయరాజా. తర్వాత ఆయనే హార్మోనియం కూడా పట్టాడు. తాళ వాద్యాలు ఇళయరాజా అన్న భాస్కర్. ఇంకో గిటారు తమ్ముడు గంగై అమరన్. ఎవరి సినిమా పాటో తీసుకుని, నలుగురైదుగురితో, నిండు ఆర్కెస్ట్రా వినిపించినట్టు చేయాలి. వయొలిన్ల గుంపు లేని లోటు గిటారు పూడ్చాలి, పల్లవికీ చరణానికీ మధ్య ఖాళీని హార్మోనియం మోయాలి. అలా ఏ వాద్యం ఎంతసేపు మోగాలో, ఎక్కడ ఆగాలో రాత్రుల తరబడి చేతులతో నేర్చుకునే అవకాశం ఏ కాలేజీ ఇస్తుంది? 1976లో 'అన్నక్కిళి'తో ఇళయరాజా సంగీత దర్శకుడయ్యాడు. ట్రూపులో ఎవరి దారి వారిదయింది. ఆ తర్వాత ఒకే సినిమాకు గాయకుడిగా బాలు, సంగీత దర్శకుడిగా ఇళయరాజా జాతీయ అవార్డు అందుకున్నది రెండుసార్లు: 1983 'సాగర సంగమం', 1988 'రుద్రవీణ'. రెండూ తెలుగు సినిమాలే. వాటి పాటలు విన్నప్పుడల్లా పాడేవాడు ఎక్కడ ఊపిరి తీస్తాడో స్వరం కట్టినవాడికి ముందే తెలుసు అనిపిస్తుంది నాకు. ఒకే స్టేజీ మీద చెమటోడ్చిన వాళ్లకు తప్ప ఆ సంగతి అంత తెలియదని నా నమ్మకం.

మరి అనిరుత్త? ఆ ట్రూపు పేర్లు చెప్పినప్పుడు తప్ప ఆ పేరు వినపడదు. ఇళయరాజా హార్మోనియం పట్టకముందు ఆ పెట్టె ముందు కూర్చున్నది ఆయనే.

చిట్టమూరు స్టేజీ మీద చూడండి. గాయకుడు చరణంలో ఒక మాట మర్చిపోయాడు. కీబోర్డు అతను తల ఎత్తనైనా లేదు. బీజీఎం మరో ఆవర్తం తిప్పాడు, తబలా అందుకుంది, ఈలోగా మాట గుర్తొచ్చింది. జనం ఈలలు వేశారు. పెళ్లిళ్లు, తిరణాళ్లు ఉన్న నెలల్లోనే వీళ్లకు చేతి నిండా పని. ఆషాఢం వస్తే ట్రూపులో సగం మంది వేరే పనులు చూసుకోవాలి. వ్యాను కిరాయి, మైకుసెట్టు పోను మిగిలింది పంచుకుంటే వెనక వరసకు వచ్చేది కొంచెమే.

పాట అయింది. యాంకర్ గాయకుడి పేరు మళ్లీ చెప్పి చప్పట్లు కొట్టించాడు. కీబోర్డు అతని పేరు చెప్పలేదు. జేబులో కాగితం ముక్క ఉంటే తీయండి. పాట పేరు రాయకండి, "కీబోర్డు అన్న పేరు చెప్పండి" అని రాసి ముందుకు పంపండి.