తరాజుతో నడిచిన గేర్‌బాక్స్

పాత కార్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో కంప్యూటర్ ఉండేది కాదు. మరి గేరు ఎప్పుడు మార్చాలో, ఎంత నజాకత్‌గా మార్చాలో ఆ ఇనప డబ్బాకు చెప్పిందెవరు? జవాబు ఒక్కటే: తరాజు.

1939లో అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ హైడ్రా-మాటిక్‌ను జమానాకు చూపించింది. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌తో అది రోడ్డెక్కింది. క్లచ్ పెడల్ లేదు, నాలుగు గేర్లూ వాటంతటవే మారతాయి. ఎర్ల్ థాంప్సన్ నాయకత్వంలోని ఇంజనీర్ల హునర్ అది. తర్వాత జంగ్ రోజుల్లో ఎం5 స్టువర్ట్ ట్యాంకుల్లోకీ వెళ్ళింది. 1952 నుంచి రోల్స్ రాయిస్ వంటి ఖాందానీ కంపెనీ కూడా దాన్నే తీసుకుంది.

లోపలి హిసాబ్ ఇదీ. బండి వేగం పెరిగేకొద్దీ గవర్నర్‌లోని చిన్న బరువులు బయటికి విసురుకుని, నూనె ఒత్తిడిని పెంచుతాయి. యాక్సిలరేటర్ ఎంత తొక్కితే రెండో వైపు నుంచి అంత ఒత్తిడి వస్తుంది. మధ్యలో ఉన్న వాల్వును ఇద్దరూ చెరో వైపు నుంచి నెడతారు. వేగం గెలిచిన క్షణాన గేరు మారుతుంది. అందుకే గట్టిగా తొక్కితే గేరు ఆలస్యంగా మారేది.

ఈ మీజాన్‌ను సరిచేయడానికి కారీగర్ చేతికి కొన్ని దారులు వదిలారు. హైడ్రా-మాటిక్‌లో యాక్సిలరేటర్ నుంచి వచ్చే కడ్డీ పొడవు మార్చేవారు. 1964లో వచ్చిన టర్బో హైడ్రామాటిక్ 400లో ఇంజను వాక్యూమ్‌తో పనిచేసే మాడ్యులేటర్ పెట్టారు. మెర్సిడెస్ డబ్ల్యూ123 కార్లలో పని రెండుగా పంచారు: గేరు మారే ఘడియకు కేబుల్, దాని గట్టిదనానికి మాడ్యులేటర్.

ఇక్కడే చాలామంది ధోకా తింటారు. గేరు మారినప్పుడల్లా ఝట్కా వస్తే మాడ్యులేటర్ తిప్పి మెత్తబరుస్తారు. కొన్నాళ్ళు సుకూన్‌గానే ఉంటుంది. కానీ ఒత్తిడి చాలక క్లచ్ పలకలు జారుతూ పట్టుకుంటాయి, వేడెక్కి కాలతాయి. నూనె నల్లబడి మాడువాసన కొడుతుంది. అప్పుడు నుక్సాన్ మొత్తం గేర్‌బాక్సుదే. నిజానికి ఆ ఝట్కాకు కారణం చాలాసార్లు చీలిన రబ్బరు గొట్టమే. వాక్యూమ్ అందకపోతే, ఇంజను పూర్తి జోరు మీద ఉందనుకుని మాడ్యులేటర్ ఒత్తిడి పెంచేస్తుంది. పెట్రోలు బండిలో మాడ్యులేటర్ పొర చినిగితే ఇంజను గేరు నూనె పీల్చి తెల్లపొగ వదులుతుంది.

కాబట్టి తర్తీబ్ ఉంది: ముందు నూనె మట్టం, తర్వాత గొట్టాలు, కేబుల్, ఆఖరున మాడ్యులేటర్. అదీ కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతిసారీ బండి నడిపి చూస్తూ. ఎంత తిప్పారో రాసిపెట్టుకోవాలి, తిరిగొచ్చే దారి ఉండాలి.

సూరె రహ్మాన్ చదివిన ఇళ్ళలో మీజాన్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఝట్కా వినిపించగానే పుర్జాను బద్‌నామ్ చేసి కొత్తది కొనడం తేలిక. దాన్ని ఎవరు మోసం చేస్తున్నారో వెతకడానికే సబర్ కావాలి. ఇన్సాఫ్ కూడా అక్కడి నుంచే మొదలవుతుంది.