చెట్టెక్కిన ఎలుగు, చేతిలో రివాల్వర్

అమెరికాలో నల్ల ఎలుగును చేతితుపాకీతో వేటాడే అలవాటును చాలామంది మందుగుండు బలం పెరుగుతూ వచ్చిన కథగా చెబుతారు. 1935లో .357 మాగ్నమ్ తూటా వచ్చింది. 1955 చివర్లో .44 మాగ్నమ్, 1983లో ఫ్రీడమ్ ఆర్మ్స్ అమ్మకానికి పెట్టిన .454 కాసుల్ రివాల్వర్, 2003లో .500 స్మిత్ అండ్ వెసన్ వచ్చాయి. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ ఎలుగు వేటకు తగిన ఆయుధం దగ్గరైందని ఆ కథ సారాంశం. తేదీలన్నీ నిజమే, వాటిని కలిపి తీసిన అర్థమే తప్పు. ఈ వేటకు ఎలాంటి చేతితుపాకీ కావాలో ముందుగా తేల్చింది వేటకుక్కలు. అవి జంతువును ఎంత దగ్గర నిలబెడతాయన్నదే అసలు లెక్క. ఆ తర్వాత తేల్చింది తూటా ముక్కు ఆకారం. మందు బలానిది మూడో స్థానం.

ముందు జంతువు సంగతి. ఎలుగుబంటి అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది మన కొండల్లో చెదపుట్టలు తవ్వుకుని తినే జాతి. దాని వేట మన దేశంలో నిషిద్ధం. ఉలిక్కిపడితే అది తరచూ మనిషి మీదికే వస్తుంది. అమెరికా నల్ల ఎలుగు గుణం వేరు. దట్టమైన అడవిలో పెరిగిన ఈ జాతికి గోళ్లు పొట్టిగా, కొక్కేల్లా వంగి ఉంటాయి. ప్రమాదం వస్తే చెట్టెక్కడం దాని పద్ధతి. పెద్ద మగ ఎలుగు రెండు వందల కిలోలు దాటినా అరుస్తున్న కుక్కల గుంపు వెంటపడితే కాండం పట్టుకుని పైకి పాకుతుంది, లేదా ఏ బండకో వీపు ఆనించి నిలబడుతుంది. ఈ గుణాన్ని పట్టుకునే అపలాచియన్ కొండల వేట పుట్టింది. 18వ శతాబ్దంలో జర్మనీ నుంచి వచ్చి నార్త్ కరోలినాలో స్థిరపడిన ప్లాట్ కుటుంబం తరతరాలుగా ఎలుగు వేటకే కుక్కల్ని పెంచింది. ఆ కుటుంబం పేరే జాతి పేరైంది, 1989లో అది రాష్ట్ర శునకమైంది. కుక్కల వెంట పరుగెత్తే మనిషి దూరాల్సినవి రోడోడెండ్రాన్, లారెల్ పొదలు. వాటి కొమ్మలు ఒకదానిలో ఒకటి అల్లుకుపోయి మోకాళ్ల మీద పాకితే తప్ప దారి ఇవ్వవు. పొడవాటి రైఫిల్ అక్కడ అడుగడుగునా చిక్కుకుంటుంది. తీరా చేరేసరికి జంతువు పది, ఇరవై గజాల దూరంలోనే ఉంటుంది.

దూరం ఇంకా తగ్గిన సందర్భాలూ చరిత్రలో ఉన్నాయి. వేటగాడు డేవీ క్రాకెట్ 1834లో అచ్చేసిన స్వీయచరిత్రలో, పశ్చిమ టెనెసీలో ఏడాది తిరక్కుండా 105 ఎలుగుల్ని చంపానని చెప్పుకున్నాడు. భూకంపంతో నేల చీలిన పగుల్లో చిక్కిన ఒకదాన్ని చీకట్లో కత్తితో పొడిచానని కూడా రాశాడు. లెక్కలో గొప్పలు కలిసి ఉండొచ్చు, కానీ కత్తి అందేంత దగ్గరికి వెళ్లడం ఆ వేటలో వింత కాదు. 1902 నవంబరులో మిసిసిపీలో అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ కోసం వేట నడిపింది హోల్ట్ కాలియర్, బానిసగా పుట్టి ఆ ప్రాంతంలో ఎలుగు వేటకు పెట్టింది పేరైన మనిషి. కుక్కలు నిలిపిన ఎలుగును అధ్యక్షుడి కోసం అట్టేపెట్టాలని కాలియర్ కాల్చలేదు. అది తన కుక్కల మీద పడేసరికి తుపాకీ మడమతో తల మీద కొట్టి, చెట్టుకు కట్టేశాడు. కట్టేసిన జంతువును కాల్చడానికి రూజ్వెల్ట్ ఒప్పుకోలేదు, చివరికి కత్తితో దాని బాధ తీర్చారు. ఈ సంఘటన నుంచే పేరొచ్చిన టెడ్డీ బొమ్మ వల్ల ఈ కథ లోకమంతటికీ తెలుసు. మన వాదనకు ఇందులో పనికొచ్చేది తుపాకీ మడమ దెబ్బ తగిలేటంత ఆ దగ్గరితనమే. రివాల్వర్ ఈ వేటలోకి వచ్చింది రైఫిల్‌కు పోటీగా కాదు, కత్తి చేసే పనిని కొన్ని గజాల అవతలి నుంచి చేయడానికి.

అయితే 19వ శతాబ్దపు రివాల్వర్లకు ఒక లోపం ఉండేది. గుండ్రని ముక్కు ఉన్న సీసపు గుండు మాంసాన్ని పక్కకు తోసుకుంటూ పోతుంది, వెనకే ఆ దారి మూసుకుపోతుంది. ఎలుగు విషయంలో ఇది పెద్ద చిక్కు. చర్మం కింద మందపాటి కొవ్వు చిన్న రంధ్రాన్ని పూడ్చేస్తుంది, పైన ఒత్తయిన వెంట్రుకలు కారిన నెత్తుటిని పీల్చేసుకుంటాయి. గాయపడి పారిపోయిన ఎలుగు జాడ నేల మీద కనిపించదు. దీనికి విరుగుడు కనిపెట్టినవాడు ఐడహోలో పశువుల్ని మేపుకుంటూ బతికిన ఎల్మర్ కీత్. 1920ల చివర్లో ఆయన గీసిన .44 గుండును చేతిలోకి తీసుకుంటే ముందు కంటబడేది చదునైన ముక్కు. దాని వెనక పదునైన భుజం, ఒకే వెడల్పున్న మూడు పట్టీలు, వాటి మధ్య కొవ్వు పూసే లోతైన గాడి. బరువు సుమారు 250 గ్రెయిన్లు, అంటే 16 గ్రాములు. సీసంలో తగరం కలిపి గట్టిగా పోతపోసిన ఈ గుండు మాంసాన్ని పక్కకు తోయదు, తొలిచేస్తుంది. ఎముక తగిలినా రూపు చెడకుండా అవతలి పక్కకు వెళ్లిపోతుంది. రెండు రంధ్రాలుంటే నెత్తురు కారుతుంది, జాడ దొరుకుతుంది. నా దృష్టిలో ఈ వేట చరిత్రలో మలుపు 1955 కాదు, ఈ అచ్చు.

.44 మాగ్నమ్ పుట్టుక కూడా దీన్నే బలపరుస్తుంది. కీత్ ఏళ్ల తరబడి కంపెనీలను అడిగింది తన 250 గ్రెయిన్ల గుండును సెకనుకు 1200 అడుగుల వేగంతో పంపే తూటా. రెమింగ్టన్ అంతకంటే ఎక్కువ వేగం ఇచ్చింది, గుండును మాత్రం మెత్తటి సీసంతో చేసింది. అడిగిన దానికంటే బలం ఎక్కువ, అడిగిన దానికంటే గుండు నాసి. అనుభవమున్న వేటగాళ్లు చాలాకాలం గుండ్లు ఇంట్లోనే పోసుకోవడానికి ఇదొక కారణం.

అసలు .44 అవసరమా అన్న అభ్యంతరం ఒకటి ఉంది. 1935 ప్రాంతంలో స్మిత్ అండ్ వెసన్ కంపెనీకి చెందిన కర్నల్ డగ్లస్ వెసన్ .357తోనే ఎల్క్, మూస్ అనే పెద్ద జింకలను పడగొట్టాడు, మరి అంతకు మించిన తుపాకీ ఎందుకని. ఆయన చేతిలో ఉన్నది ఎనిమిది ముప్పావు అంగుళాల గొట్టం, చేయి తిరిగిన గురి. పైగా ఆ వేట తమ కంపెనీ కొత్త సరుకును నలుగురికీ చూపించడానికి చేసింది. అది సాధ్యమని ఆయన నిరూపించాడు, అందరికీ తగినదని కాదు. బలానికి ఒక కనీస గీత ఉండాలన్నది నేనూ ఒప్పుకుంటాను. కొలరాడో నిబంధనల్లో ఆ గీత కనిపిస్తుంది. పెద్ద జంతువుల వేటలో చేతితుపాకీ తూటాకు 50 గజాల వద్ద 550 అడుగు-పౌండ్ల శక్తి ఉండాలి. మామూలు .357 తూటాలు అక్కడే ఆగిపోతాయి, .44 దాటుతుంది. కానీ అదే నిబంధన తగలగానే విచ్చుకునే గుండే వాడాలంటుంది, గట్టి పోత గుండుకు చోటివ్వదు. శక్తిని అంకెల్లో కొలవడం తేలిక. గుండు ఎంత లోతుకు వెళుతుందో కొలవడం అంత తేలిక కాదు కాబట్టి చట్టం తేలికైనదాన్నే పట్టుకుందని నాకనిపిస్తుంది.

గీత దాటాక బలం ఎంత పెరిగితే అంత మేలు కదా అన్నది రెండో అభ్యంతరం, దుకాణాల్లో ఎక్కువగా గెలిచేది కూడా ఇదే. 1847 నాటి కోల్ట్ వాకర్ రివాల్వర్ బరువు దాదాపు రెండు కిలోలు. దాన్ని నడుముకు కట్టుకోలేక గుర్రపు జీనుకు తగిలించేవారు. 156 ఏళ్ల తర్వాత వచ్చిన .500 పొడుగు గొట్టం రకం కూడా దాదాపు రెండు కిలోలే. అంత బరువున్నా అది వెనక్కి తన్నే తన్ను చాలామంది మణికట్టు ఓర్చుకోలేదు. తన్నుతుందని తెలిసిన చేయి ట్రిగ్గర్ నొక్కే ముందే బిగుసుకుంటుంది, గురి జారుతుంది. పదిహేను గజాల్లో, కొమ్మల మధ్య, కింద కుక్కలు ఎగురుతుండగా గుండెనో ఊపిరితిత్తులనో వెతుక్కుని కాల్చాల్సిన మనిషికి ఇది మేలు కాదు. అలాస్కా బ్రౌన్ బేర్ తిరిగే చోట ఆత్మరక్షణ కోసం అంత తుపాకీ అడిగితే అది వేరే సంగతి. నల్ల ఎలుగుకు 1950ల నాటి .44 సరిపోయింది, ఇప్పుడూ సరిపోతుంది.

అసలు రైఫిల్ ఉండగా చేతితుపాకీ ఎందుకన్న మూడో ప్రశ్నే అన్నిటికంటే బలమైనది. కుక్కలు ఉన్నంతవరకు దానికి జవాబు ఉంది. పొదల్లో రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, దూరం తక్కువ, జంతువు కదలకుండా ఉంటుంది. కానీ కొలరాడోలో 1992లో, ఒరెగాన్‌లో 1994లో, వాషింగ్టన్‌లో 1996లో ప్రజలే ఓటేసి ఎలుగు వేటలో కుక్కల వాడకాన్ని ఆపించారు. 2012లో కాలిఫోర్నియా శాసనసభ అదే పని చేసింది. ఆ రాష్ట్రాల్లో ఎలుగును వెతుక్కుంటూ నడవాలి, కనిపించే దూరం వంద గజాలో, రెండు వందల గజాలో. 1967లో వచ్చిన థాంప్సన్ సెంటర్ కంటెండర్ లాంటి ఒకే తూటా పిస్టళ్లు టెలిస్కోపు బిగించుకుని ఆ దూరాన్ని కొంత అందుకుంటాయి. నిజానికి అవి పొట్టి రైఫిళ్లే. నార్త్ కరోలినా, టెనెసీ కొండల్లో కుక్కల వెంట నడిచే మనిషి నడుమున .44 ఉండటానికి కారణం ఉంది. కొలరాడో వాలుల మీద ఒంటరిగా తిరిగేవాడికి ఆ కారణం లేదు, అతను రైఫిల్ పట్టుకెళ్లాలి.