చీనాదేశమున చేతిఫోను చెలిమి

చీనాదేశమున వంద కోట్లకు మించిన జనులు నేడు ఇంటర్నెట్టు వాడుచున్నారు. వారిలో దాదాపు అందరును చేతిఫోనుతోనే వాడుచున్నారు. చేతిలోని యంత్రము ఒకటే గదా, వాడుకయు ఒకటే యని తలచుట సహజము. కాని ఎవరు ఏ వేదికపై ఎవరితో మాటలాడుచున్నారో విచారించినచో ఆ దేశపు సాంఘిక చరిత్ర కొంత బయటపడును.

ఈ భేదమునకు మూలము ఇంటర్నెట్టునకు చాల పూర్వమే ఉన్నది. 1958లో అచ్చటి ప్రభుత్వము 'హుకోవు' అను గృహ నమోదు శాసనము చేసినది. పల్లెవాసిగా నమోదైనవాడు పట్టణమునకు పోయి ఎన్నియేండ్లు శ్రమించినను, పట్టణవాసికి గల విద్యా, వైద్య సౌకర్యములు అతనికి చిరకాలము దక్కలేదు. 1980 తరువాత కోట్లకొలది పల్లె యువజనులు దక్షిణ తీరపు కర్మాగారములకు తరలిరి. బిడ్డలను అవ్వతాతల యొద్ద విడిచి వచ్చినవారు ఎందరో!

అట్టివారికి ఆసరాయైనది 'క్యూక్యూ'. షెన్‌జెన్ నగరమందలి టెన్‌సెంట్ సంస్థ 1999 ఫిబ్రవరిలో, మొదట వేరొక పేరుతో, దీనిని వెలువరించినది. ఆ దినములలో ఇందు చేరుటకు అసలు పేరు అక్కరలేదు. ఒక సంఖ్యయు, ఒక మారుపేరును చాలును. వసతిగృహమున పలువురితో గది పంచుకొను కార్మికురాలికి తనదని చెప్పుకొనదగిన చోటు అదియే. కొలువు మారినను, ఊరు మారినను, ఆ సంఖ్య మారదు. వలసజీవికి అంతకంటె స్థిరమైన చిరునామా ఏది? కంప్యూటరు కొనలేనివారు మొదట అద్దె కేంద్రములలోను, పిమ్మట చవుక ఫోనులలోను దీనిని వాడిరి.

పట్టణపు విద్యావంతులు ఎక్కువగా పట్టిన దారి వేరు. 2009 ఆగస్టులో వెలసిన 'వేయ్‌బో'లో వారు బహిరంగముగా మాటలాడిరి. 2011 జూలై 23న వెన్‌జౌ చెంత రెండు రైళ్లు ఢీకొని 40 మంది మరణించినపుడు అధికారులపై విమర్శ అందు వెల్లువయైనది. అటుపిమ్మట నియంత్రణము బిగిసినది.

2011 జనవరిలో టెన్‌సెంట్ సంస్థయే 'వీచాట్' తెచ్చినది. వేయ్‌బో రచ్చబండ యైనచో ఇది ఇంటి వసారా. ఇందు ఒకరి మాటకు వేరొకరిచ్చిన బదులు, ఆ ఇరువురికిని మిత్రులైనవారికే కనబడును. కొన్నాళ్లు పట్టణోద్యోగులు వీచాట్‌కు మరలగా, కార్మికులు క్యూక్యూను విడువలేదు. అది పల్లెతనమని నవ్వినవారును కలరు. రెంటికిని యజమాని ఒక్కరే యగుట వింత! 2012 నడుమకు ఫోనుతో ఇంటర్నెట్టు చూచువారు 38 కోట్ల 80 లక్షలై, కంప్యూటరుతో చూచువారిని మించిరి.

వీచాట్‌ను వృద్ధులకు చేరువ చేసినది కంఠస్వరము. చీనా లిపిని ఫోనులో వ్రాయువారు సాధారణముగా రోమను అక్షరములతో ఉచ్చారణను కూర్చి, పిదప సరియైన అక్షరమును ఎన్నుకొందురు. ప్రాంతీయ భాష తప్ప ప్రామాణికోచ్చారణ మెరుగని ముదుసలికి ఇది దుస్సాధ్యము. మీట నొక్కి మాటలాడి పంపు సదుపాయము 2011లోనే రాగా, దూరదేశమందలి కొడుకు పలుకు అవ్వ చెవికి తిన్నగా చేరినది. రేడియో వినువారికి దీని విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

అయినను ఫోనే లేనివారి మాట యేమి? 2020లో మహమ్మారి ప్రబలినపుడు, ఫోనులో ఆరోగ్య సంకేతము చూపనివారికి పలుచోట్ల ప్రవేశము లేకపోయినది. ఆ నవంబరులో ప్రభుత్వమే కలుగజేసుకొని, అట్టి వృద్ధులకు కాగితపు పత్రము వంటి వేరు మార్గము చూపవలెనని ఆదేశించినది.