యంత్రబలము – భాషావ్యయము

భాష యెంత యుత్తమమైనదైనను, దానిని మోయు యంత్రము బలహీనమైనచో నది బరువుగనే తోచును. కంప్యూటరు చరిత్ర యిందుకు సాక్షి. చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో తెలుగు చదువుకొను పిల్లలకును ఈ చరిత్రతో సంబంధము కలదు.

1954లో ఐ.బి.ఎం. సంస్థ ప్రకటించిన 704 యంత్రమున కెంత పెంచినను 144 కిలోబైట్ల జ్ఞాపకశక్తియే యుండెను. 1957లో జాన్ బేకస్ బృందము ఫోర్ట్రాన్ భాషను వెలువరించినప్పుడు, మనుష్యుడు వ్రాసినంత పొదుపుగా నాజ్ఞలను యంత్రము కూర్చగలదా యని నిపుణులు శంకించిరి. 1958లో జాన్ మెకార్తీ యారంభించిన లిస్ప్ భాష అంతకన్న నెక్కువ కోరెను. జ్ఞాపకములో పని తీరిన గదులను ఆ భాషయే వెదకి, మరల వాడుకకు దెచ్చును. వ్రాయువానికి శ్రమ తగ్గెను, యంత్రమునకు పెరిగెను. ఆ వెదకులాట సాగునంతసేపు అసలు పని నిలిచియుండెడిది.

నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరున 1937లో జన్మించిన దబ్బల రాజగోపాలరెడ్డిగారు, స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున మెకార్తీ శిష్యులై 1966లో డాక్టరేటు పొందిరి. మనుష్యుని మాటను యంత్రముచే గుర్తింపజేయుట వారి పరిశోధన. వారి ప్రయోగశాలలో రూపొందిన హార్పీ 1976లో 1,011 మాటలను గుర్తించెను. 1994లో వారికి ట్యూరింగు పురస్కారము లభించెను. నాడు ప్రయోగశాలకే పరిమితమైన యా పని నేడు చేతిఫోనులో జరుగుచున్నది.

లిస్ప్ కథయు నిట్టిదే. 1970లలో దానికై ప్రత్యేక యంత్రములనే నిర్మింపవలసివచ్చెను. 1980ల చివరకు సామాన్య యంత్రములే ఆ పనిని చౌకగా జేయుటచే ప్రత్యేక యంత్రములు మూలబడినవి. 1991లో వెలువడిన పైథాన్, 1995లో వచ్చిన జావా భాషలు జ్ఞాపకమును తామే చక్కబెట్టు పద్ధతిని నిత్యవ్యవహారములోనికి దెచ్చినవి. నాడు దుబారా యనిపించినది నేడు సౌకర్యమైనది.

ఇక మన లిపి సంగతి. 1963 నాటి ఆస్కీ సంకేతావళిలో 128 స్థానములే కలవు; తెలుగునకు చోటు లేదు. 1991లో యూనికోడ్ మన లిపికి స్థానమిచ్చెను. వాడుకలో నున్న యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతమునకును మూడు బైట్లు కావలెను. ‘తెలుగు’ అను మాటకు 18 బైట్లు పట్టును. దానినే ఆంగ్లాక్షరములలో వ్రాసిన 6 చాలును. ఆ 704 యంత్రపు జ్ఞాపకమంతయు వెచ్చించినను 49,152 తెలుగు సంకేతములే పట్టెడివి. నేటి ఫోనున కీ వ్యయము లెక్కలోనిది గాదు. 2008లో వెలువడిన పైథాన్ 3 మొదలుకొని, ప్రోగ్రాములోని రాశులకు ‘మొత్తము’, ‘లెక్క’ యని తెలుగులోనే పేర్లు పెట్టవచ్చును.

కావున తెలుగు యంత్రమునకు తగదన్న మాట నాటి యంత్రముల పేదరికమును దెలుపునేగాని, భాషా దౌర్బల్యమును దెలుపదు. ఆ పేదరికము తీరినది. ఇక వలసినవి తెలుగులో వ్రాసిన కంప్యూటరు పాఠములు. బాగేపల్లి పల్లెలోని బాలిక తన మొదటి ప్రోగ్రామును తన యింటిభాషలో నూహించి వ్రాయగలుగుట యిప్పుడు మన పూనికపై నాధారపడియున్నది.