కోసిగిలో మోగిన మారియో

మారియో వీడియో గేమ్ పాటను కోజి కొండో కట్టింది జపాన్‌లో, 1985లో. మా కోసిగికి అది చేరేసరికి తొంభైలు సగం గడిచిపోయినాయి. అదీ నింటెండో పెట్టెలో రాలేదు, దాన్ని చూసి చేసిన నకిలీ పెట్టెలో వచ్చింది. ఆదోని పోయి కొనుక్కొచ్చుకున్న ఇళ్లు ఏ రెండో మూడో. మిగతా పిల్లలంతా గంటకింత అని డబ్బులిచ్చి ఆడినవాళ్లే. పాడైతే పెట్టె నా రిపేరు బల్ల మీదికి వచ్చేది. సగం సార్లు జబ్బు క్యాసెట్‌దే. దాని పిన్నులను పెన్సిలు రబ్బరుతో రుద్దితే సరిపోయేది.

మూత విప్పితే చిన్న బోర్డు, దాని మీద నల్లటి ఎపాక్సీ బొట్టు. ఆటను నడిపేదీ పాటను పలికించేదీ దాని కిందే. అసలు నింటెండోలో పాట పలికించేది రికో కంపెనీ చిప్పు. దానికి ఐదే గొంతులు. రాగానికి రెండు చదరపు అలలు, కింది స్వరానికి ఒక త్రిభుజపు అల, తాళానికి గరగర శబ్దం, చిన్న చిన్న రికార్డింగులకు ఇంకొకటి. త్రిభుజపు అలకు సౌండు పెంచడం, తగ్గించడం ఉండదు. పలికితే పలుకుతుంది, లేదంటే లేదు. మారియో ఆట మొత్తం 40 కిలోబైట్లు. వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో ఇంతకంటే పెద్దది!

భజనకు మనుషులు తక్కువైన రోజు పాడేవాడే తాళం కూడా వేస్తాడే, ఇక్కడా అంతే. మారియో ఎగిరినప్పుడు ఒక చదరపు గొంతు పాట వదిలేసి ఆ చప్పుడు చేసి, మళ్లీ వచ్చి పాటలో కలుస్తుంది. అందుకే ఏ ఇద్దరు ఆడినా పాట ఒకేలా వినపడదు.

చిన్నప్పటి జ్ఞాపకాల వల్లే ఈ పాటలు బాగుంటాయంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. పత్తి లారీ దించి వచ్చి నా బల్ల దగ్గర కూర్చునే పెద్దాయన ఒకాయన ఏనాడూ ఆట ఆడలేదు. అయినా మారియో పాట ఈల వేసేవాడు. హంగులకు చోటు లేనప్పుడు రాగంలోనే బలం ఉండాలి మరి.

మనం విన్నది మాత్రం అచ్చంగా జపాన్ పాట కాదు. వాళ్ల టీవీలో బొమ్మ సెకనుకు 60 సార్లు మారితే, మన పాల్ (PAL) పద్ధతి టీవీలో 50 సార్లే. ఆ ఆటల్లో పాట బొమ్మతోపాటే అడుగేస్తుంది కాబట్టి, మన టీవీలకని చేసిన పెట్టెల్లో ఆరో వంతు నిదానించింది. శ్రుతి దాదాపు అదే. పైగా చాలా నకిలీ చిప్పుల్లో చదరపు అలల వెడల్పు కొలతలు రెండు తారుమారై, గొంతు తీరే మారిపోయింది. ఇప్పుడు బెంగళూరులో పనిచేసే మా ఊరి పిల్లోళ్లు యూట్యూబులో అసలుది విని, "ఏందన్నా, స్పీడు పెంచినారు?" అని అడుగుతారు.

ఎవరూ పెంచలేదు. మనకే నిదానంగా వచ్చింది. ఆ నిదానం పాట ఇంకా ఆ నల్ల బొట్టు కిందే ఉంది. మీ అటక మీద అలాంటి పెట్టె ఉంటే పాత సామాన్లోడికి వేసేయకండి. కొన్నిసార్లు పోయేది అడాప్టరు మాత్రమే. పెట్టె మీద రాసిన వోల్టేజీ చూసి, ప్లస్సు మైనస్సు సరిచూసి ఇంకొకటి తెచ్చి పెట్టండి.