గర్భపోషణము – హాలండు క్షామసాక్ష్యము

గర్భిణి యాహారము శిశువు భావ్యారోగ్యము నెట్లు ప్రభావితము చేయునో ప్రయోగముచే నిరూపింపరాదు. గర్భవతులను బుద్ధిపూర్వకముగా పస్తుంచుట అధర్మము గదా. చరిత్రయే యట్టి సాక్ష్యము నొకదానిని దారుణముగా సమకూర్చినది.

1944 సెప్టెంబరులో డచ్చి రైల్వే కార్మికులు సమ్మె చేయగా, జర్మను ఆక్రమణాధికారులు పశ్చిమ నెదర్లాండ్సునకు ఆహారరవాణాను నిలిపివైచిరి. ఆ నిర్బంధము సడలిన పిదప చలికి కాలువలు గడ్డకట్టి పడవలు సాగవయ్యెను. 1945 తొలినెలలలో పెద్దలకు దినమునకు లభించిన రేషను 400–800 కాలరీలు మాత్రమే. మే నెలలో దేశవిమోచనముతో క్షామము తీరినది. దాని యాద్యంతములు స్పష్టములగుటయు, ప్రసూతిశాలల దాఖలాలు నిలిచియుండుటయు పరిశోధకులకు ఆధారములైనవి.

గర్భము తుదినెలలలో క్షామమునకు లోనైన శిశువులు తక్కువ తూకముతో జన్మించిరి. తొలినెలలలో లోనైనవారు సామాన్యమైన తూకముతోనే జన్మించియు, నడివయసున హృద్రోగమునకు ఇతరులకంటె అధికముగా గురియైరి. గర్భధారణకాలముననే క్షామమునకు లోనైనవారి యందు, ఆరు దశాబ్దుల పిదప సైతము, ఐ.జి.ఎఫ్.-2 అను జన్యువుపై మిథైల్ గుర్తులు తోబుట్టువులకంటె తక్కువగా నున్నట్లు 2008లో ప్రకటితమైన పరిశోధనము చూపినది.

కావున జన్మకాలపు తూక మొక్కటియే గర్భపోషణమునకు చాలిన సాక్ష్యమని మేము తలంపజాలము. చూచుటకు నిండుగా నున్న శిశువు నందును తల్లి యాకలి గుర్తు మిగిలియుండవచ్చును.